మంచుకొండల కోతుల కాపురము



ఈ ధనుర్మాసమున మా యింటికి ఒక క్రొత్త క్యాలెండరు వచ్చినది. మావారి యొద్ద చదువుకొన్న పిల్లవాడొకడు ఇప్పుడు శ్రీ సిటీలోని ఒక జపాను కర్మాగారమున పనిచేయుచున్నాడు. గురువుగారికి కానుకగా దానిని తెచ్చి యిచ్చి, నమస్కరించి పోయెను. జనవరి పుటలో నొక చిత్రము గలదు. చుట్టును తెల్లని మంచు. నడుమ పొగలు గ్రక్కు నీటిమడుగు. ఆ నీటిలో మెడవఱకు మునిగి, కన్నులు మూసికొని, ఎఱ్ఱని మొగములతో పది పండ్రెండు కోతులు. వాని తలలమీద సయితము మంచు పేరుకొని యున్నది.

మా అత్తగారు కండ్లజోడు సవరించుకొని చాలసేపు చూచి, "తల తడిసినది గదమ్మా! వెలికి వచ్చిన తర్వాత వీనికి సాంబ్రాణి పొగ వేయువారెవరు?" అని నిట్టూర్చిరి. మా చిన్నమ్మాయి మాత్రము చిత్రమునకు దూరముగా నిలిచి, "అవ్వా, ఆ కోతులు ఇండ్లలోనికి వచ్చునా? పిల్లలను గీఱునా?" అని యడిగినది. అది యట్లు అడుగుటకు కారణము గలదు. దానిని తర్వాత చెప్పెదము.

ఆ రెండు ప్రశ్నలకును మాకు వెంటనే సమాధానము తోచలేదు. నాలుగు పుస్తకములు తిరుగవేసి, తెలిసికొన్నంతవఱకు ఈ నెల ఈ పుటలలో విన్నవించుచున్నాము.

మేముండు సత్యవేడు, వరదయ్యపాళెము, తడ ప్రాంతములు పులికాట్ సరస్సునకు చేరువనున్న ఉక్కనేలలు. 2008లో శ్రీ సిటీ ప్రారంభమైన తర్వాత ఇసుజు, కోబెల్కో, డైకిన్ మొదలైన జపాను సంస్థలు ఇచ్చట కర్మాగారములు కట్టినవి. ఆ రాకపోకల వలననే జపాను కోతులు మా గోడ కెక్కినవి. లేనిచో మాకు చలి యనగా మార్గశిర పుష్యములయందు తెల్లవాఱుజామున కాళ్లదగ్గఱ దుప్పటి వెదకుకొనుట మాత్రమే. పచ్చికపై బిందువులకును మంచే యందుము. తెల్లవాఱి దారి కప్పివేయు పొగకును మంచే యందుము. హిమవంతుని శిఖరములపై గడ్డకట్టిన దానికిని మంచే యందుము. ఈ మూడవ మంచును మాలో కన్నులార చూచినవారు అరుదు. మన కోతియు నట్టిదే.

మన కోతిని వర్ణింప బనిలేదు. తిరుమల ఘాటుదారి పిట్టగోడలపై కూర్చుండి యాత్రికుల చేతిసంచులను పరీక్షించునది అదియే. నెత్తిమీది వెండ్రుకలు నడిమినుండి టోపీవలె నలుదెసలకు పఱచుకొని యుండును. ఈ జాతి దక్షిణ భారతమున దప్ప లోకమున మఱెచ్చటను సహజముగా లేదు. దాని తోక మూరెడు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుండును. ఉత్తరదేశమున కనబడు ఎఱ్ఱమొగపు కోతి తోక జేనెడు. చిత్రములోని జపాను కోతి తోక బెత్తెడు మాత్రమే. మూడును ఒకే వంశమునకు చెందిన జ్ఞాతులు. మఱి తోకలలో ఇంత భేద మేల?

ఈ ప్రశ్నకు సమాధానము మన వంటయింట నున్నది. గ్లాసులో పోసిన కాఫీ అత్తగారు పూజ ముగించి వచ్చులోపల చల్లాఱును. అండాలో కాచిన నీరు ఇంటిల్లిపాది తలంటు ముగియువఱకు వెచ్చగా నుండును. పెద్ద ఒడలు వేడిని నిలుపుకొనును. చిన్న ఒడలు, సన్నని అవయవములు దానిని త్వరగా పోగొట్టుకొనును. చలిదేశపు జంతువులు తమ జ్ఞాతులకంటె పెద్దవిగా నుండునని 1847లో బెర్గ్‌మన్ అను జర్మను పండితుడును, వాని చెవులు తోకలు పొట్టిగా నుండునని 1877లో అల్లెన్ అను అమెరికా పండితుడును చెప్పిరి. మన ఆడుకోతి తూకము ఇంచుమించు 4 కిలోలు. జపాను ఆడుకోతి దానికి రెండింతలు. జపానులోనే ఉత్తరమునకు పోయినకొలది కోతుల బరువును, రోమముల దట్టమును హెచ్చుచుండును. వేల తరములుగా ఆ చలికి తాళిన శరీరమే నిలిచి, తాళలేనిది నశించుటచేత ఈ మార్పు కలిగినది.

కోతి యనగా వేడిదేశపు జంతువని మనలో చాలమంది తలంపు. కాని వాల్మీకి మహర్షి అట్లు తలంపలేదు. కిష్కింధాకాండమున సుగ్రీవుడు తన సేనలను పిలిపించునపుడు మహేంద్ర, వింధ్య పర్వతములనుండియే గాక హిమవత్పర్వతమునుండియు, కైలాస శిఖరములనుండియు వానరులు వచ్చినట్లు చెప్పబడినది. చిన్ననాట మా తండ్రిగారు ఈ ఘట్టమును చదివించునపుడు ఇది కవి యొనర్చిన అలంకారమని మేము తలంచితిమి. ఇప్పుడట్లు తలంపము. ఏలయన, హిమాలయములయందు ఎఱ్ఱమొగపు కోతులును, కొండముచ్చులును నేటికిని గలవు. మన తెలుగువారు దర్శించు కేదారనాథుని చుట్టునున్న అడవులలో ఈ రెండును నివసించుచున్నవి. ఆ కొండముచ్చునకు తోక పొడవే. కాని దానిపైని జూలు మన కొండముచ్చున కున్నదానికంటె ఎంతయు దట్టము.

జపానులోని కోతులు ఉత్తరమున షిమొకిటా ద్వీపకల్పము వఱకు వ్యాపించియున్నవి. మనుష్యులు దక్క వానరజాతి అంతటిలో భూగోళమున అంత ఉత్తరమున నివసించునవి వేఱు లేవు. 1970లో ఆ దేశప్రభుత్వము ఆ కోతులను, వాని అడవిని జాతీయ సంపదగా ప్రకటించినది. ఇక చైనాదేశపు కొండలయందు చప్పిడిముక్కు కోతులు గలవు. ఇవి మన కొండముచ్చునకు దాయాదులు. వానిలో యున్నాన్ కోతి 4000 మీటర్లకు మించిన యెత్తుననున్న అడవులయందును సంచరించును. తిరుమల యెత్తు ఇంచుమించు 850 మీటర్లు. అట్టి కొండలను నాలుగింటిని ఒకదానిపై నొకటి నిలిపినను దాని నివాసము ఇంకను పైననే యుండును.

ఒడలి రక్షణ సరే. కడుపు మాట యేమి? మంచు కప్పిన అడవిలో పండు లేదు, చిగురు లేదు. కొండముచ్చునకు, దాని దాయాదులకు ఆవువలె అఱలుగల జీర్ణకోశ మున్నది. ముదురాకును, బెరడును అందు పులియబెట్టుకొని అరిగించుకొనును. యున్నాన్ కోతి చెట్లకొమ్మలనుండి గడ్డమువలె వ్రేలాడు ఒక పదార్థమును తిని శీతకాలము గడపును. అది యేమనుకొందురు? మన పోపులపెట్టెలో మసాలాకై దాచుకొను రాతిపువ్వు లేదా, ఆ తెగకు చెందినదే.

జపాను కోతికి అట్టి జీర్ణకోశము లేదు. కావున అది మఱొక యుపాయము నెఱిగినది. శరదృతువున అడవిలో రాలు గింజలను కడుపార తిని క్రొవ్వు పెంచుకొనును. శీతకాలమున బెరడును, మొగ్గలను గీఱి తినుచు, ఆ క్రొవ్వును కొంచెము కొంచెముగా వ్యయపఱచుకొనును. ధాన్యము నిండిన గాదెను ఆషాఢము వఱకు లెక్కచూచి వాడుకొను ఇల్లాలివలె నన్నమాట. మంచు కరగువేళకు ఒడలు చిక్కియుండును. కమికోచి యను లోయలో నీటియూటలుండుటచేత ఏఱు గడ్డకట్టదు. అచ్చటి కోతులు శీతకాలమున ఆ నీటిలో చేయిపెట్టి పురుగులను, చేపలను సైతము పట్టి తినుచున్నవని వాని మలమును పరీక్షించి 2021లో పరిశోధకులు తెలిపిరి.

అయినను, జూలు దట్టమై కడుపు నిండినంత మాత్రమున రాత్రి గడవదు. గడ్డకట్టు చలిలో ఒంటికోతి నిలువలేదు. ప్రొద్దు గ్రుంకగానే అవి ఒకచోట చేరి, ఒకదాని కడుపునకు మఱొకదాని వీపు ఆనించి, పిల్లలను నడుమ నుంచుకొని, తలలు లోనికి వంచి, ఒక్క ముద్దగా కూర్చుండును. దీనిని జపానువారు 'సరు దంగో' అందురు. 'సరు' అనగా కోతి. 'దంగో' అనగా బియ్యపుపిండితో చేసిన ఉండ. మనము వినాయకచవితినాడు చేయు ఉండ్రాళ్లు ఆవిరిలో ఒకదాని కొకటి అంటుకొని కూర్చుండుట చూచిన వారికి ఈ పేరు విప్పి చెప్ప నక్కఱలేదు.

ఇంతకంటె మా మనస్సును కదలించిన సంగతి చైనాలోని బంగారువన్నె చప్పిడిముక్కు కోతులది. అందు ఒక మగకోతి, కొన్ని ఆడుకోతులు, వాని పిల్లలు కలిసి యొక కుటుంబము. అట్టి కుటుంబములు పెక్కు చేరి యొక మంద. హుబేయి రాష్ట్రపు షెన్నోంగ్‌జియా పర్వతములయందు పరిశోధకులు అయిదేండ్లపాటు 46 పిల్లకోతులను గమనించి 2019లో తమ ఫలితములను ప్రకటించిరి. నూటికి 87 వంతుల పిల్లలు కన్నతల్లి పాలేగాక మఱొక ఆడుకోతి పాలును త్రాగినవి. అదియు పుట్టిన మొదటి 3 నెలలలోనే. పాలిచ్చినవి చాలవఱకు రక్తసంబంధము గలవే. నేడు నీ బిడ్డకు నేనిచ్చితిని గావున రేపు నా బిడ్డకు నీవిత్తువు అను ఒప్పందము వానిలో నున్నట్లు కనబడినది. అట్లు ఇతరుల పాలు దొరకని కొద్దిపాటి పిల్లలలో మరణములు ఎక్కువ.

సోదరీమణులారా, మన పల్లెలలో బాలింతకు జ్వరము తగిలినపుడు పొరుగింటి తల్లి వచ్చి బిడ్డను ఒడిలోనికి తీసికొనిన దినములను మా అత్తగారు ఇప్పటికిని చెప్పుచుందురు. మంచుకొండలపై ఆ ధర్మమును అవి ఎవరు చెప్పగా నేర్చినవి? జూలు దట్టమగుటకు వేల తరములు పట్టినది. ఈ ఒడి మాత్రము ప్రతి వసంతమున క్రొత్తగా చాపవలసినదే. మంచులో కోతిజాతి నిలిచియుండుట దేనివలన అని మమ్ముల నడిగిన, ఒకదాని వేడిమి మఱొకటి పంచుకొనుట వలన అనియే చెప్పుదుము.

ఇక మా అత్తగారి వేడినీళ్ల సందేహము. ఆ మడుగున్న చోటికి జిగొకుదాని యని పేరు. నరకలోయ యని దాని యర్థము. నేలలోనుండి ఆవిరులు గ్రక్కుటచేత ఆ పేరు వచ్చినది. దాని యెత్తు సరిగా మన తిరుమల యెత్తే, ఇంచుమించు 850 మీటర్లు. కాని ఉత్తరమున నుండుటచేత ఏటికి నాలుగు నెలలు అచ్చట మంచు. పూర్వము ఆ కోతులు ఈ మడుగులో స్నానమాడునవి కావు. పైనున్న కొండలలో మంచుపై జాఱు క్రీడలకై అడవులు కొట్టివేయగా, అవి క్రిందికి దిగి పండ్లతోటలపై బడినవి. రైతులు వానిని చంప జూచిరి. వానిని కాపాడ దలచినవారు లోయలో తిండి వేసి అచ్చట నిలుపుటకు పూనుకొనిరి. 1963లో ఒక పిల్లకోతి అచ్చటి సత్రపు స్నానపు తొట్టిలో దిగినది. దానిని జూచి తక్కినవియు దిగినవి. మనుష్యులు స్నానముచేయు నీటిలో కోతులుండుట తగదని వానికై వేఱొక మడుగు కట్టిరి. 1964లో ఆ చోటు కోతుల వనముగా తెఱువబడినది.

క్యోటో విశ్వవిద్యాలయపు పరిశోధకులు అచ్చటి 12 ఆడుకోతులను పరీక్షించి, శీతకాలమున స్నానముచేయు కోతులకు చలివలని బాధ తగ్గుచున్నదని, మందలో పెత్తనముగల ఆడుకోతులే ఎక్కువసేపు నీటిలో నుండునని 2018లో తెలిపిరి. పెద్దకోడలికి ముందు నీళ్లు, చిన్నకోడలికి మిగిలిన నీళ్లు! నవ్వు వచ్చినను సంగతి యిది: ఆ మడుగు ఒక్క మందకు కలిగిన భాగ్యము. తక్కిన జపాను కోతులలో ఇంచుమించు అన్నియు వేడినీటి ముఖ మెఱుగకయే తరతరములుగా శీతకాలము గడపుచున్నవి. చిత్రము చూచి, కోతిని చలినుండి కాపాడినది మనుష్యుడే యని మనము పొరబడరాదు. అడవి పోగొట్టినది మనుష్యుడు. తిండి వేసి దింపినది మనుష్యుడు. మడుగు కట్టినది ఆ తర్వాతి మాట.

తిండి వేయుటవలని ఫలమును జపానువారు బాగుగా చూచిరి. 1953లో తెఱువబడిన తకసకియామా మొదలుకొని పెక్కుచోట్ల కోతులకు దినదినము తిండి వేసి జనులకు చూపిరి. తిండి దొరకుటతో పిల్లలు ఎక్కువైనవి, మందలు పెరిగినవి, చుట్టుప్రక్కల పంటలు పోయినవి. అట్టి వనములు పెక్కు మూతవడినవి. తక్కిన కొన్నిట తిండి తగ్గించిరి. నేడు పంటనష్టము పేరిట ఆ దేశమున ఏటేట వేలకొలది కోతులు చంపబడుచున్నవి.

ఇక మా చిన్నమ్మాయి ప్రశ్న. దీనిని వ్రాయుటకు మాకు సిగ్గగుచున్నది; కాని వ్రాయకున్న ఈ పుటకు ప్రయోజనము లేదు. మూడేండ్లుగా ప్రతి శనివారము ఆంజనేయస్వామి పేరు చెప్పి పెరటిగోడపై అరటిపండ్లు, అన్నపు ముద్దలు ఉంచుచుంటిమి. మొదట చంకలో పిల్లతో ఒక తల్లికోతి వచ్చెడిది. దానిని చూచి అత్తగారును మేమును చేతులు జోడించెడివారము. పిదప పది వచ్చినవి. పిదప శనివారముతో పనిలేక ప్రతిదినము వచ్చినవి. వంటయింటి గడియ తీయనేర్చినవి. గడచిన కార్తికమున నొక మధ్యాహ్నము పాప అరుగుపై కూర్చుండి మురుకులు తినుచుండగా ఒక కోతి దూకి దానిచేతిలోనిది లాగినది. పాప విడువలేదు. మోచేతినుండి మణికట్టు వఱకు గోళ్లతో చీఱినది.

వెంటనే పారునీట సబ్బుతో 15 నిమిషములు కడిగి ఆసుపత్రికి తీసికొనిపోతిమి. వైద్యులు చెప్పిన రోజులన్నిటను రేబీసు సూదిమందు వేయించితిమి. ఈ సంగతిని ప్రతి తల్లియు గుర్తుంచుకొనవలెను. కుక్క కాటువలెనే కోతి కాటును, గీఱుటయు ప్రమాదకరములు. పసుపో సున్నమో పెట్టి ఊరకుండరాదు. గాయము మానినది. కాని కోతి కిచకిచ వినబడిన పాప నేటికిని మంచముక్రింద దూరును.

తప్పు కోతిది కాదు. చేయిచాచిన చోట తిండి దొరకునని దానికి నేర్పినవారము మేము. ఆ దినమునుండి గోడపై పండు పెట్టుట మానితిమి. ఎంగిలి విస్తళ్లు, కూరగాయల తొక్కలు మూతగల తొట్టిలో వేయుచున్నాము. అత్తగారు మొదట బాధపడిరి. "స్వామికి పెట్టుట తప్పయినదా?" అని కన్నీరు పెట్టుకొనిరి. పెద్దలతో వాదింపరాదు. ఒక సాయంకాలము కిష్కింధాకాండము తీసి ఆ ఘట్టమునే చదివి వినిపించితిమి. హిమవత్పర్వతమునుండి వచ్చిన వానరులు మనుష్యుల యిండ్లముందు చేయి చాపలేదు. ఆ కొండపై పండిన దివ్యఫలములను, మూలములను, ఓషధులను తామే తెచ్చి సుగ్రీవునకు కానుకగా సమర్పించిరి. అత్తగారు విని చాలసేపు మాటాడలేదు. మఱునాడు మావారిని పిలిచి, "చెరువుగట్టుపై మేడి, నేరేడు నాటింపరాదా, నాయనా?" అని యడిగిరి. బడిపిల్లలు ఇరువది మొక్కలు నాటిరి. శనివారమునాడు పండ్లు పెట్టుటకు మాఱుగా అత్తగారు ఒక చెంబు నీరు తీసికొని పోయి ఒక మొక్కకు పోసి వచ్చుచున్నారు.

మన కోతుల సంఖ్య తఱుగుచున్నది. లోకములోని జంతుజాతుల స్థితిని లెక్కించు సంఘమువారు వీనిని ఆపదకు లోనగు జాతులలో చేర్చిరి. ఉత్తరపు ఎఱ్ఱమొగపు కోతి సయితము కొంచెము కొంచెముగా దక్షిణమునకు దిగి వీని చోటు నాక్రమించుచున్నది. మన యింటిముందు పది కోతులు కనబడినంత మాత్రమున అడవిలో కోతులు సుఖముగా నున్నవని తలంపరాదు. వానికి కావలసినది మన పిడికెడన్నము కాదు. వాని పండు వానికి దొరకు చెట్టు.

నిన్న క్యాలెండరులో ముందున్న పుటలను పాప తానే త్రిప్పి చూచినది. ఫిబ్రవరి పుటలో నీటిమడుగు లేదు. మంచు కురియు కొండప్రక్క కోతులన్నియు ముద్దగా కూర్చుండియున్నవి. కన్నులు దప్ప మఱేమియు కనబడుట లేదు. చాల దినముల తర్వాత అది కోతిబొమ్మ దగ్గఱకు పోయి వ్రేలు పెట్టి, "అవ్వా, ఉండ్రాళ్లు!" అన్నది. అత్తగారు కండ్లజోడు తగిలించుకొని వచ్చి, "పిల్ల యేదే? చలిలో పిల్లను ఎక్కడ పెట్టినవి?" అని వెదకిరి. ఇద్దఱును కలిసి వెదకగా నడుమ, రెండు తల్లుల నడుమ, ఒక చిన్న చెవి కనబడినది.